“కామెడీనే కదా” అంటున్నారు మావారు

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. పాపకి 16, బాబుకి 13. శనివారం ఇంట్లో అందరం ‘స్పై’ సినిమా చూద్దామంటున్నారు మావారు. ఆర్ రేటింగ్ ఉంది, వద్దంటే “కామెడీనే కదా, అన్నిటికీ టెన్షన్ పడతావు” అని విసుక్కుంటున్నారు. పాప కొంచెం బొద్దుగా ఉంటుంది. తమ్ముడు ‘బోండాం’ అని ఏడిపిస్తే మేమూ నవ్వేస్తుంటాం. ఈ మధ్య తను మా దగ్గర కూర్చోవడమే తగ్గించింది. కలిసి సినిమా చూస్తే కలివిడిగా ఉంటుందని ఆయన ఆశ. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు అడిగేది నిఖిల్ సినిమా గురించి కాదు, 2015లో వచ్చిన మెలిస్సా మెకార్తీ సినిమా గురించి అనుకుంటాను. నేను చూశాను, పడీపడీ నవ్వాను. అయినా మీ బాబుకి ఇప్పుడే వద్దంటాను.

ఆర్ అంటే నిషేధం కాదు. 17 ఏళ్లలోపు వాళ్లు హాలుకి వెళ్లాలంటే పెద్దవాళ్లు తోడుండాలి, అంతే. కానీ ఆ రేటింగ్ ఊరికే రాలేదు. పొడవునా బూతులు, హింస, సెక్స్ జోకులు, కాసేపు నగ్నత్వం కూడా ఉన్నాయి. మొదట్లోనే ఓ గూఢచారి తుమ్ముతాడు, చేతిలో తుపాకీ పేలి ఎదుటివాడు చచ్చిపోతాడు. బాండ్ సినిమాలు చూసినవాళ్లకి అది సూటు బూటు హీరో మీద జోకు. అది తెలియని పిల్లాడికి మిగిలేది తుమ్మూ చావూ. ‘తెగిపోయిన చేతిని ఇంకో చేత్తో అతికించుకున్నా’నని కోతలు కోసే జేసన్ స్టాథమ్‌ని చూసి పాప మగరాయుళ్ల గొప్పల మీద నవ్వుతుంది. బాబు మాత్రం ఆ డైలాగుని బూతులతో సహా స్కూల్లో అప్పజెప్తాడు.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. నన్ను ఆపింది ‘బోండాం’.

ఆ సినిమాలో బొద్దుగా ఉండే మెలిస్సా వేసిన సుసాన్ పాత్ర సీఐఏ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని వేరేవాళ్ల చెవిలో దారి చెప్పే మనిషి. గూఢచారిగా పంపేటప్పుడు ఆమెకి అందమైన వేషం ఇవ్వరు. పిల్లుల్ని పెంచుకునే ఒంటరి ఆడమనిషిలా తయారు చేస్తారు. గాడ్జెట్లు కూడా విరేచనం మాత్రలు, మొలలకి వాడే తుడుపు కాగితాల్లా ఉంటాయి. వెక్కిరింత ఆమె మీద కాదు, ఆమెని అలా చూసేవాళ్ల మీద. తర్వాత బుడాపెస్ట్‌లో ఓ వంటగదిలో మన నర్గీస్ ఫక్రీతో పెనం పట్టుకుని కొట్లాడుతుంది చూడండి, అది మీ పాపకి తెగ నచ్చొచ్చు. కానీ ఆ వేషాల సీన్ దగ్గర తమ్ముడు టీవీ వైపు కాదు, అక్క వైపు చూసి నవ్వుతాడు. పాప లేచి గదిలోకి వెళ్లిపోతుంది. కలివిడి మాట దేవుడెరుగు!

ముందు పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ చూడండి. తర్వాత పాపని అడగండి, తనకి ఇష్టమైతే మీరూ తనూ చూడండి. వద్దంటే బతిమాలకండి.

శనివారానికి 2003 నాటి ‘జానీ ఇంగ్లిష్’ పెట్టుకోండి, పీజీ రేటింగే, అంటే పెద్దవాళ్లు కాస్త చూసుకుంటే పిల్లలూ చూడొచ్చు. టాయిలెట్ జోకులున్నాయి, అత్తగారు పక్కనుంటే కాస్త ఇబ్బందే. బాబు అలిగితే అలగనివ్వండి, ‘పదహారు, పదిహేడొచ్చాక నాతో చూద్దువుగాని’ అని వాళ్ల నాన్న చేత చెప్పించండి. ‘బోండాం’ ఇక వద్దని కూడా ఆయన చేతే చెప్పించండి. అంతకంటే ముందు, ఆ మాటకి మీరూ నవ్వారు కదా, పాప ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లి సారీ చెప్పండి. రెండు ముక్కలు చాలు, ఉపన్యాసం వద్దు.