ల్యాబ్ కబుర్లు: ట్యూబు మిషన్ ఎక్కే ముందు

పోయిన నెల ఈ శీర్షికలో శాంపిల్స్‌ను సిద్ధం చేసే ఆటోమేటిక్ మిషన్ల గురించి రాశాను. ట్యూబు మూత తీయడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పంచడం, ఆర్‌ఎన్‌ఏ విడదీయడం లాంటి చాకిరీ అంతా చేసే మిషన్లు. ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా వాటిమీదే వచ్చాయి. చోటు ఉన్నంతవరకు జవాబులు ఇస్తున్నాను.

*మా అమ్మకు డెబ్బై ఏళ్లు, బీపీ మందులు వాడుతుంది. మొన్న పొటాషియం 6.8 అని రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు వెంటనే ఆస్పత్రికి వెళ్లమన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. తీరా అక్కడ మళ్లీ చేస్తే 4.4. మొదటి ల్యాబ్‌వాళ్లను అడిగితే “మాది ఫుల్లీ ఆటోమేటిక్ మేడమ్, మనిషి చెయ్యి తగలదు, తప్పు రాదు” అన్నారు. ఎవర్ని నమ్మాలి? — ఒక పాఠకురాలు, తెనాలి*

అమ్మా, ముందుగా మీ డాక్టరుగారు చేసింది సరైన పని. 6.8 నిజమే అయితే గుండె లయ తప్పుతుంది. ఈసీజీ తీసి, మళ్లీ రక్తం పంపాల్సిందే. పైగా టెల్మీసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులతో పొటాషియం నిజంగానే పెరగొచ్చు. కాబట్టి ఆస్పత్రికి వెళ్లడం దండగ అనుకోకండి.

నా పేచీ అంతా “మనిషి చెయ్యి తగలదు” అన్న మాటతోనే. ట్యూబు మిషన్‌లో పెట్టాక తగలదు, ఒప్పుకుంటాను. పెట్టకముందో? సూది గుచ్చింది చెయ్యే. కలెక్షన్ సెంటర్ నుంచి బండిమీద తెచ్చింది చెయ్యే.

మన పొటాషియంలో ఎక్కువ భాగం కణాల లోపలే ఉంటుంది. ఎర్రకణాల లోపల ఉన్నది బయటి ప్లాస్మాలో ఉన్నదానికి ఇరవై రెట్లకు పైమాటే. సన్న సూదితో సిరంజి గట్టిగా లాగినా, సిరంజిలో రక్తాన్ని ట్యూబులోకి బలంగా చిమ్మినా, ట్యూబును గిలకొట్టినట్టు ఊపినా కొన్ని కణాలు పగులుతాయి. లోపలిదంతా సీరమ్‌లోకి వచ్చేస్తుంది. సెంట్రిఫ్యూజ్ నుంచి తీసిన ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తే సీరమ్ లేత పసుపు రంగులో ఉండాలి. గులాబీ రంగు తేలితే కణాలు పగిలినట్టే. మేము ఆ ట్యూబును పక్కన పెట్టేసి మళ్లీ రక్తం అడిగేవాళ్లం. ఇప్పటి పెద్ద అనలైజర్లు ఈ పని కూడా తామే చేస్తాయి. సీరమ్ గుండా రకరకాల తరంగాల కాంతిని పంపి, హీమోలైజ్ అయిందని, అంటే కణాలు పగిలాయని, ఫ్లాగ్ (హెచ్చరిక గుర్తు) వేస్తాయి. ఆ ఫ్లాగ్ చూసి రిపోర్టు ఆపాలా వద్దా అన్నది చాలాచోట్ల ఇంకా మనిషి చేతిలోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి రిపోర్టుల కోసం కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడు ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో మీరే ఊహించుకోండి.

మిషన్‌కు చిక్కని తప్పులు రెండున్నాయి. ఒకటి, ఫ్రిజ్. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ చేయకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే చలికి కణాల్లోని పంపు మందగించి పొటాషియం నెమ్మదిగా బయటికి కారుతుంది. కణం పగలదు, రంగు మారదు, ఫ్లాగ్ పడదు. మిషన్ తన ముందున్న సీరమ్‌ను సరిగ్గానే కొలిచి 6.8 అని ఇస్తుంది. రెండోది, పర్పుల్ క్యాప్ ట్యూబు. సీరమ్ కోసం రక్తాన్ని గడ్డకట్టనిచ్చే రెడ్ ట్యూబులో రక్తం తక్కువైందని పర్పుల్ ట్యూబులోంచి నాలుగు చుక్కలు వంచేవాళ్లను నేను కళ్లారా చూశాను. పర్పుల్‌లో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేస్తారు, అది పొటాషియం లవణం. దాంతో పొటాషియం చుక్కలనంటుతుంది, కాల్షియం అడుక్కి పడిపోతుంది. అదే రిపోర్టులో మీ అమ్మగారి కాల్షియం కూడా ఉంటే ఒకసారి చూడండి. అది కూడా అసాధ్యమనిపించేంత తక్కువగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇక ఆ ల్యాబ్‌ను మిషన్ కంపెనీ పేరు అడక్కండి. శాంపిల్ ఎన్నింటికి తీశారు, ఎన్నింటికి సెంట్రిఫ్యూజ్ చేశారు, హీమోలిసిస్ ఫ్లాగ్ ఏమైనా పడిందా అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే ల్యాబ్ అయితే మళ్లీ వెళ్లొచ్చు.

*లిక్విడ్ హ్యాండ్లింగ్ రోబో వీడియో చూశాను. ఎనిమిది టిప్పులు ఒకేసారి దిగి ట్యూబుల్లోంచి ద్రవం తీసి ప్లేటులో పోస్తున్నాయి. ఒక్కో ట్యూబులో ఒక్కో మట్టం. కెమెరా ఏదీ కనబడలేదు. మట్టం దానికెలా తెలుస్తుంది? టిప్పులు నల్లగా ఎందుకున్నాయి? ఎనిమిదే ఎందుకు? — ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ*

మొదటి రెండింటికీ జవాబు ఒకటే బాబూ. టిప్పులంటే ద్రవం పీల్చే సన్నటి ప్లాస్టిక్ మొనలు. ఆ ప్లాస్టిక్‌లో కార్బన్ కలుపుతారు. అందుకే నలుపు, అందుకే అది కరెంటును పోనిస్తుంది. టిప్పు దిగుతున్నంతసేపూ మిషన్ దాని కెపాసిటెన్స్ (విద్యుత్ చార్జీని పట్టి ఉంచే గుణం) కొలుస్తూ ఉంటుంది. ద్రవాన్ని తాకగానే ఆ విలువ ఒక్కసారిగా మారుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే మునిగి, పీలుస్తూ, మట్టం తగ్గేకొద్దీ తనూ కిందికి జరుగుతుంది. ఇంకా లోతుగా మునిగితే టిప్పు బయటివైపు అంటుకున్న ద్రవం పక్కవాళ్ల వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) రాలుతుంది.

ఈ పద్ధతికి శత్రువు నురుగు. నిండా ఉందనుకుని ఎత్తిన కాఫీ గ్లాసులో సగం నురుగే ఉన్నట్టు, రోబో కూడా నురుగును తాకి ద్రవం వచ్చేసిందనుకుంటుంది, గాలి పీలుస్తుంది. అందుకే కొన్ని మిషన్లకు టిప్పు లోపలి గాలి ఒత్తిడిని చూసే రెండో సెన్సర్ కూడా ఉంటుంది. ద్రవం పీలిస్తే ఒత్తిడి ఒక తీరులో మారుతుంది, ఉత్త గాలి పీలిస్తే ఇంకో తీరు. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే చిన్న ఫైబ్రిన్ పోగు అడ్డుపడితే ఒత్తిడి బాగా పడిపోయి అలాగే ఉండిపోతుంది. రెడ్ ట్యూబు రక్తాన్ని అరగంట గడ్డకట్టనివ్వకుండా తొందరపడి తిప్పేస్తే ఈ పోగులే తయారవుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మీద ఉన్న పేషెంట్లకు అరగంట కూడా చాలదు.

నీలాంటి ఇంజినీర్లకు అసలు పని ఉన్నచోటు ఇంకొకటుంది. నీళ్లకు పెట్టిన సెట్టింగ్ మిగతా ద్రవాలకు పనికిరాదు. గ్లిజరాల్ చిక్కన, నెమ్మదిగా పీల్చి, ఆగి, నెమ్మదిగా వదలాలి. ఇథనాల్ ఆవిరి టిప్పులోని గాలిలో చేరి ద్రవాన్ని కిందికి నెట్టేస్తుంది. చెయ్యి అటు నుంచి ఇటు వెళ్లేలోపు చుక్కలు కారతాయి. అందుకే ముందు ఒకటి రెండుసార్లు పీల్చి వదిలి టిప్పును తడుపుతారు. వేగం ఎంత, కింద ఎంత గాలి ఖాళీ వదలాలి, ఎంతసేపు ఆగాలి అన్నవి ద్రవానికో రకంగా రాసిపెట్టుకోవాలి. సరిగా పోస్తోందా అని చూడ్డానికి తక్కెడే దిక్కు: 100 మైక్రోలీటర్ల నీళ్లు దాదాపు 100 మిల్లీగ్రాములు తూగాలి. ఐదారు మైక్రోలీటర్లయితే తూచేలోపు ఆవిరైపోతుంది, అప్పుడు రంగు కలిపి కాంతితో కొలుస్తారు.

ఎనిమిది సంగతి: 96 వెల్స్ ప్లేటులో ఎనిమిది వరుసలుంటాయి, వరుసకు పన్నెండు వెల్స్, వెల్‌కూ వెల్‌కూ మధ్య 9 మిల్లీమీటర్లు. ఇలాంటి ప్లేటును మొదట 1951లో హంగేరీకి చెందిన గ్యూలా టకాచీ తయారుచేశాడు. ఆయన తొలి ప్లేటులో ఉన్నవి 72 వెల్సే. ఇప్పుడు ప్రపంచంలో ఏ కంపెనీ ప్లేటైనా ఒకే కొలత, 127.76 మిల్లీమీటర్లు పొడవు, 85.48 వెడల్పు. ఈ ఒప్పందం లేకపోతే ఒక కంపెనీ రోబోలో ఇంకో కంపెనీ ప్లేటు కూర్చునేది కాదు. ఫోన్ చార్జర్ల కంటే ల్యాబ్‌వాళ్లే ముందు దారికొచ్చారు.

*డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) రెండో సంవత్సరం చదువుతున్నాను మేడమ్. అన్నీ మిషన్లే చేస్తుంటే మాకు ఉద్యోగాలు ఉంటాయా? — విద్యార్థిని, ఖమ్మం*

ఉంటాయమ్మా. ఈ భయం కొత్తదేమీ కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో లియొనార్డ్ స్కెగ్స్ కనిపెట్టిన ఆటోఅనలైజర్ 1957లో మార్కెట్‌కి వచ్చింది. సన్నటి గొట్టంలో శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య గాలి బుడగ వదులుతూ వరసగా టెస్టులు చేసేది. 1980ల మొదట్లో జపాన్‌లోని కోచి మెడికల్ స్కూల్లో మసహిదె ససాకి ట్యూబులు బెల్టు మీద వాటంతటవే నడిచే ల్యాబే కట్టాడు. టెక్నీషియన్లు మాత్రం ఎక్కడా మాయమైపోలేదు. టెస్టులే పెరిగాయి. కరోనాలో ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి (ఎన్‌సీడీసీ) వచ్చిన కోబాస్ 6800 అనే పీసీఆర్ మిషన్ రోజుకు 1200 శాంపిల్స్ దాకా చేయగలదన్నారు. దాని నోటికి అందించడానికి బార్‌కోడ్ వేసేవాళ్లు, మూతలు చూసేవాళ్లు, చిక్కటి శాంపిల్స్ ఏరేవాళ్లు షిఫ్టుల్లో కావాల్సి వచ్చింది.

పోయే పని పైపెట్ పట్టుకునే పని. పోతే పోనీ. మేము చేరిన కొత్తల్లో సీరమ్‌ను నోటితో పీల్చేవాళ్లం, దాని గురించి నాకేమీ బెంగ లేదు. నువ్వు నేర్చుకోవాల్సింది క్యూసీ చార్టు (మిషన్ సరిగ్గా కొలుస్తోందా అని చూసే పట్టీ) చదవడం, మిషన్ ఎర్రర్ కోడ్ చూసి కంపెనీ ఇంజినీర్ వచ్చేలోపు ఏం చేయాలో తెలుసుకోవడం. అన్నిటికంటే ముందు, రక్తం చక్కగా తీయడం. ఆ పని బాగా వచ్చినవాళ్లకు ఏ ఊళ్లోనైనా ఉద్యోగం ఉంది.

*నంద్యాలలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. రోజుకు పది పదిహేను పీసీఆర్ శాంపిల్స్ వస్తాయి. ఒకేసారి 96 శాంపిల్స్‌లోంచి ఆర్‌ఎన్‌ఏ విడదీసే ఆటో ఎక్స్‌ట్రాక్టర్ తీసుకోమని కంపెనీవాళ్లు వెంటపడుతున్నారు. మిషన్ ఫ్రీ, కిట్లు కొంటే చాలట. — ల్యాబ్ యజమాని*

96 మీకు వద్దండి. పదహారు, ముప్ఫైరెండు చేసేవి ఉన్నాయి, వాటిని చూడండి. మిషన్ ఫ్రీ అన్న కాగితంలో నెలకు కనీసం ఎన్ని కిట్లు కొనాలో సన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకానికి ముందు అది చదవండి. వేరే కంపెనీ కిట్లు అందులో నడుస్తాయో లేదో రాతపూర్వకంగా అడగండి. యూపీఎస్ తప్పనిసరి. రన్ మధ్యలో కరెంటు పోతే ఆ శాంపిల్స్‌కు మళ్లీ మొదటికే.

లోపల జరిగేది మాయేమీ కాదు. గ్వానిడీన్ థయోసయనేట్ అనే లవణం వైరస్‌ను చీల్చుతుంది. సిలికా పూసిన అయస్కాంత బీడ్స్‌కు ఆర్‌ఎన్‌ఏ అంటుకుంటుంది. మిషన్ అయస్కాంతపు కడ్డీలతో ఆ బీడ్స్‌ను ఒక వెల్ నుంచి ఇంకో వెల్‌కు మోసుకెళ్లి ఇథనాల్‌లో కడిగి, చివర్లో బఫర్‌లో వదిలిస్తుంది. సిలికాకు అంటించే ఈ పద్ధతిని నెదర్లాండ్స్‌కు చెందిన బూమ్ బృందం 1990లో ప్రచురించింది. ఇథనాల్ పూర్తిగా ఆరకపోతే పీసీఆర్ ఫెయిలవుతుంది, కాబట్టి టైమ్ కలిసొస్తుందని ఆరబెట్టే నిమిషాలు తగ్గించొద్దు.

ఇంకో మాట మాత్రం మీ కుర్రాళ్లందరికీ చెప్పి, గోడమీద కూడా అంటించండి. మన ల్యాబుల్లో ఏం ఒలికినా హైపోక్లోరైట్ పోసేయడం అలవాటు. ఈ కిట్ల లైసిస్ బఫర్ (వైరస్‌ను చీల్చే ఆ లవణం ఉన్న ద్రవం) మీద, ఆ వాడేసిన ప్లేట్ల మీద హైపో పోయకూడదు. గ్వానిడీన్ థయోసయనేట్, బ్లీచ్ కలిస్తే సయనైడ్‌తో సహా విషవాయువులు పుడతాయి. ఆ వ్యర్థాలకు విడిగా డబ్బా పెట్టండి, ఒలికితే ముందు నీళ్లతో, సబ్బు నీళ్లతో తుడవండి. అమ్మేవాళ్లు డెమోలో ఈ సంగతి చెప్పగా నేను చూడలేదు.

టీబీ శాంపిల్స్ కూడా మొదలుపెట్టాలనుకుంటే దానికి ఎక్స్‌ట్రాక్టర్ అక్కర్లేదు. టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ మిషన్‌లో కళ్లెకు రెండింతలు రీఏజెంట్ కలిపి, పదిహేను నిమిషాలు ఉంచి కార్ట్రిడ్జ్‌లో పోస్తే మిగతా తయారీ అంతా దాని లోపలే, రెండు గంటల్లోపు రిజల్ట్. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అయితే బ్యాటరీమీద కూడా నడుస్తుంది.

*ఎగుమతి మిర్చి శాంపిల్ ఇచ్చాను. మిషన్‌లో పదిహేను ఇరవై నిమిషాల పనేనట, రిపోర్టుకు మూడు రోజులు ఎందుకు? — వ్యాపారి, గుంటూరు*

పురుగుమందుల అవశేషాల టెస్టులో ఆ ఇరవై నిమిషాలు చివరి ఇరవై నిమిషాలండి. దానికి ముందు కాయను పొడి చేయాలి, ఎసిటోనైట్రైల్‌లో ఊపాలి, మెగ్నీషియం సల్ఫేట్ వేసి నీటిని లాగేయాలి, తిప్పాలి, శుభ్రం చేయాలి. క్వెచర్స్ అనే ఈ పద్ధతి 2003 నుంచి ఉంది. ఊపడానికీ వడకట్టడానికీ ఆటోమేటిక్ మిషన్లూ ఉన్నాయి. కానీ మిర్చిలోని ఎరుపూ నూనే వదిలించడం కష్టం. అవి వదలకపోతే ఆ అవశేషాలను కొలిచే ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్ కూడా మురికి పట్టి అబద్ధం చెబుతుంది.

అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఇంకా మొండిది. బూజు అన్ని కాయల్లో సమంగా ఉండదు, బస్తాలో ఎక్కడో కొన్ని కాయల్లోనే ఉంటుంది. యూరప్ హద్దు కిలోకు బీ1 అనే రకమైతే 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. మీరు పై బస్తాలోంచి గుప్పెడు తీసి ఇస్తే ఇక్కడ పాసై అక్కడి రేవులో ఫెయిలవుతుంది. లాట్ అంతటా, పైనా మధ్యా అడుగునా తీసి కలిపి ఇవ్వండి.

*బయాప్సీ రిపోర్టు నాలుగైదు రోజులు పడుతోంది. అదింకా ఆటోమేటిక్ కాలేదా? — పాఠకుడు, శ్రీకాకుళం*

సగం అయింది. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లో అది గంటల తరబడి నానాలి. రొమ్ము బయాప్సీలకు 6 నుంచి 72 గంటలని లెక్క. తర్వాత టిష్యూ ప్రాసెసర్ రాత్రంతా దాన్ని ఆల్కహాల్, జైలీన్, కరిగిన మైనం గుండా నడిపిస్తుంది. పొద్దున్నే మైనం దిమ్మను మైక్రోటోమ్ అనే కోత మిషన్‌తో నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి నీళ్లమీద తేల్చి గాజు పలకకు ఎత్తే పని మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ చేతిదే. ఆ చేతిపనిని తొందరపెట్టకండి. ముక్క ఉన్న సీసాను మీ చేతికే ఇచ్చి ల్యాబ్‌కు తీసుకెళ్లమంటే రెండు చూసుకోండి: అందులో ఉన్నది సెలైన్ కాదు, ఫార్మాలినే, అదీ ముక్కకు పదింతలు ఉండాలి. పేరు చీటీ మూతమీద కాకుండా సీసామీద అంటించి ఉండాలి.