యూదుల ప్రార్థన మీద పనిచేస్తానన్న తల్లికి

తల్లీ,

నీ మెయిల్ రెండుమూడుసార్లు చదివాను. ఎం.ఏ. చరిత్ర అయ్యాక యూదుల ప్రార్థన మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో అందరూ "దాంతో ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారని రాశావు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు పని ఎలా ఉంటుందో తెలియాలి.

మన ఇంట్లో పెరిగినవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, అదే అడ్డం కూడా. "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్న మాట నీకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చు. కీర్తనలు సగం నోటికొచ్చు. అందుకని యూదుల ప్రార్థన మనకు తెలిసిందే అనిపిస్తుంది. తెలియదమ్మా. మనకు అది ద్వితీయోపదేశకాండంలో ఒక వచనం. వాళ్లకది పొద్దునా రాత్రీ చెప్పుకునే షెమా. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, అంటే రబ్బీల ధర్మబోధల సంకలనం, మొదలయ్యేదే "సాయంత్రం షెమా ఎప్పటినుంచి చెప్పాలి?" అన్న ప్రశ్నతో. వాళ్ల ప్రార్థన మన ఆరాధనకు పీఠిక కాదు, దాని బతుకు దానిది. ఈ రోజు నుంచి నీ నోట్సులో "పాత నిబంధన" అని రాయడం మానెయ్, "తనఖ్" అని రాయి, యూదులు తమ బైబిలుకు పెట్టుకున్న పేరది. మాట మారితే చూపు కూడా మారుతుంది. నాకు అది అర్థమయ్యేసరికి మూడేళ్లు పట్టింది.

అసలు చిక్కు ఇది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలింది, బలులు ఆగిపోయాయి. నిలబడి చెప్పే పద్దెనిమిది ఆశీర్వచనాల ప్రార్థన, అమీదా, ఎప్పుడు ఎలా కుదురుకుంది? ఎజ్రా ఫ్లైషర్ ఏమంటారంటే, ఆలయం కూలాక రబ్బీలు చేరిన యవ్నే ఊళ్లో, వాళ్ల పెద్ద రబ్బాన్ గమ్లియేల్ కాలంలో ఒక పాఠం తయారుచేసి జనానికిచ్చారు. జోసెఫ్ హైనెమాన్ ముందే వేరేలా చెప్పారు: ఒకే మూలపాఠం అంటూ లేదు, ఊరూరా రకరకాలుగా చెప్పుకున్నవే మెల్లగా ఒకటయ్యాయి. ఇద్దరూ మహాపండితులు. నువ్వు ఏ పక్షమో ఇప్పుడే తేల్చుకోకు. ఆశీర్వచనాలు రాసిపెట్టేవాళ్లు తోరాను, అంటే ధర్మశాస్త్రాన్ని, తగలబెట్టినవాళ్లతో సమానం అని మిష్నాకు తోడుగా ఉండే తొసెఫ్తా సంకలనంలో ఒక మాట ఉంది. రాయడమే తప్పనుకున్న కాలం నుంచి మనకు పాఠం ఎలా దొరుకుతుంది చెప్పు? బాబిలోనియా యూదుల విద్యాపీఠం పెద్ద (గావోన్ అంటే అదే) అమ్రామ్ గావోన్ కూర్చిన ప్రార్థన క్రమం తొమ్మిదో శతాబ్దానిది. ఆలయం కూలాక దాదాపు ఎనిమిది వందల ఏళ్లు. ఆ మధ్యకాలమంతా నోటి మాట మీదే నడిచిందని మరిచిపోకు.

అందుకే సిద్ధాంతాల కంటే ముందు పాత రాతప్రతుల ముక్కలు చదవడం నేర్చుకో. దేవుడి పేరున్న కాగితం పారెయ్యకూడదని పాత కైరోలో బెన్ ఎజ్రా సినగాగ్‌లో, అంటే యూదుల సమాజమందిరంలో, వందల ఏళ్లు దాచిపెట్టారు. అలా దాచే చోటునే గెనీజా అంటారు. 1896-97 చలికాలంలో కేంబ్రిడ్జి పండితుడు సాలొమన్ షెక్టర్ అక్కడికి వెళ్లి, వాటిలో చాలా భాగం తన ఊరికి తెచ్చారు. ఇప్పుడు కేంబ్రిడ్జిలో దాదాపు 1,93,000 ముక్కలున్నాయి. 1898లో ఆయన అచ్చువేసిన అమీదా చూస్తే పండితులకు నోటమాట రాలేదు. ఆలయసేవ గురించిన ఆశీర్వచనం ఇప్పుడు "సీయోనుకు తన సన్నిధిని తిరిగి రప్పించేవాడు" అని ముగుస్తుంది. ఆ ముక్కల్లో కనిపించిన పాత పాలస్తీనా సంప్రదాయంలో మాత్రం "నిన్ను మాత్రమే భయభక్తులతో సేవిస్తాం" అని ముగిసేది. ఒక్క వాక్యం తేడా. ఒకదాంట్లో పోయినదాని మీద బెంగ ఉంది, రెండోదాంట్లో లేదు. ఆ తేడా దగ్గర కూర్చుని నేను వారాలు గడిపాను.

నా తప్పు ఒకటి చెబుతాను. పీహెచ్‌డీ రెండో ఏడు, అరచేయంత ముక్క. ఒక ఆశీర్వచనంలో మొదటి మూడు మాటలు, ఆపైన నేరుగా ముగింపు. ఎవరూ చూడని పొట్టి పాఠం దొరికిందనుకుని నలభై పేజీలు రాశాను. మా గురువుగారు చదివి, "మూడో మాట మీద ఆ చిన్న గీత ఏమిటి?" అని మాత్రం అడిగారు. ఆ రాత్రి మీ నానమ్మ కీర్తనల నోటుబుక్కు గుర్తొచ్చింది. ప్రతి చరణం చివరా రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట మాత్రం రాసుకునేది. మిగతాది అందరికీ వచ్చు, రాయడం దేనికి? ఆ లేఖకుడు చేసిందీ అదే. నలభై పేజీలూ పక్కన పడేశాను. ముక్కలో ఏదైనా కనిపించకపోతే ముందు అడగాల్సింది, అది లేదా, లేక అందరికీ తెలుసని రాయలేదా అని.

భాషల దగ్గర బద్ధకించకు. హీబ్రూ ఒక్కటే చాలదు, అరమాయిక్ కావాలి. చనిపోయినవాళ్ల కోసం చెప్పే కద్దీష్ ఎక్కువభాగం అరమాయిక్‌లోనే ఉంటుంది, అందులో చావు అన్న మాటే రాదు. సాదియా గావోన్ ప్రార్థన పుస్తకంలో సూచనలు హీబ్రూ లిపిలో రాసిన అరబ్బీ. నీకు ఉర్దూ లిపి వచ్చు, ఇఫ్లూలో అరబిక్ ఉంది, హైదరాబాద్ దాటకముందే మొదలుపెట్టు. ఇస్మార్ ఎల్బోగెన్ 1913లో జర్మన్‌లో రాసిన ప్రార్థన చరిత్ర 1993లో ఇంగ్లీషులోకి వచ్చింది, ముందు అది చదువు. రాతప్రతుల ఫోటోలు ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం సైట్లో చూడొచ్చు.

ప్రార్థన వినకుండా దాని చరిత్ర రాయొద్దు. సినగాగ్‌కి ముందే అడిగి వెళ్లు, వెనక వరసలో కూర్చో. శనివారమైతే పెన్నూ ఫోనూ బయటికి తియ్యకు, విశ్రాంతి దినాన రాయడం వాళ్లకు నిషిద్ధం. విన్నది గుర్తుపెట్టుకుని సూర్యాస్తమయం తర్వాత చీకటి పడ్డాక రాసుకో. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్లు, బెనె ఎఫ్రాయిం వాళ్ల సినగాగ్ ఉంది కదా, అక్కడికీ వెళ్లు. వాళ్లు యూదులా కాదా అని తేల్చడానికి మాత్రం వెళ్లకు. తెలుగు నోట ఆ హీబ్రూ ఎలా పలుకుతుందో విను, చాలు.

ఇక ఉద్యోగం. లియోపోల్డ్ సుంజ్ ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు, ఆయనకే ఏ విశ్వవిద్యాలయమూ పీఠం ఇవ్వలేదు. ఇప్పుడు అంత గడ్డుకాలం కాదు, అయినా ఖాళీలు తక్కువే. ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే దారి అనుకోకు. స్టెఫాన్ రీఫ్ 1974లో కేంబ్రిడ్జి లైబ్రరీలో గెనీజా పరిశోధన విభాగం మొదలుపెట్టి దశాబ్దాలు నడిపారు, ఆ ముక్కల మధ్యనుంచే హీబ్రూ ప్రార్థన చరిత్ర రాశారు. కేటలాగు పని చిన్నదనుకోకుండా నేర్చుకో. ఫెలోషిప్ ఖరారయ్యేదాకా నెట్ పరీక్ష వదిలిపెట్టకు, మీ నాన్న టెన్షన్ కూడా అబద్ధం కాదు.

వచ్చే నెల గుంటూరు వచ్చినప్పుడు నా సిద్దూర్, యూదుల ప్రార్థన పుస్తకం, తీసుకెళ్లు. అంచుల్లో పెన్సిల్‌తో రాసినవాటిలో సగం తప్పులే, అయినా చెరపకు. ఎక్కడ తప్పానో చూసి నాకు రాయి.

నీ
పెదనాన్న