నాకు ఒడియా చదవడం రాదు, బాబు చదువు ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను తెలుగులో పదో తరగతి చదివాను. ఒడియా మాట్లాడతాను గానీ చదవలేను. పొద్దున్నే టిఫిన్ బండి నడుపుతాను, మా ఆయన ఆటో తోలతారు. బాబు ఒడియా మీడియంలో రెండో తరగతి. చదవడంలో వెనకబడ్డాడనీ, ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడమనీ టీచరుగారు అన్నారు. టెన్షన్‌గా ఉంది. ట్యూషన్‌లో వేసేయమంటారా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, తెలుగు మాత్రం మానకండి. బజారులో పని జరిగేంత ఒడియాతో బిడ్డకు కథ చెప్పలేరు, కోపం వచ్చినప్పుడు బుజ్జగించలేరు. ఇంట్లో మాటలే తగ్గిపోతాయి. తెలుగులో ఒక కథ విని మళ్లీ వరసగా చెప్పగలిగిన పిల్లాడికి ఒడియా పాఠం కూడా తొందరగా పట్టుబడుతుంది. వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది. మీ బడిలో ఆ వీలు లేదు కాబట్టి ఇంట్లో తెలుగు ఇంకా ముఖ్యం.

నేను బరంపురంలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. మాదీ తెలుగిల్లే. మా అమ్మకు ఒడియాలో ఒక్క అక్షరం రాదు. ఒకరోజు నేను పలక మీద నాలుగు వేస్తే, ఎనిమిది తప్పుగా వేశాననుకుని చెరిపేసి సరిగ్గా వేయించింది. ఒడియా నాలుగు అంకె పైన కాస్త విడిపోయిన ఎనిమిదిలా ఉంటుంది మరి. మర్నాడు బడిలో నాకు దెబ్బలు పడ్డాయి. ఆ రాత్రి అమ్మ ఏడ్చింది. తర్వాత ఎప్పుడూ నా పలక దిద్దలేదు. పొయ్యి దగ్గర పిండి కలుపుతూ, "ఇదేంటో నాకు చెప్పవే" అనేది. "ఘర అని రాస్తారమ్మా, ఘొరొ అని చదవాలి, ఇల్లని అర్థం" అని చెప్పేదాన్ని. అమ్మ అడుగుతుందని బడిలో చెవులు రిక్కించి వినేదాన్ని.

మీరూ బాబు చేత చెప్పించుకోండి. రాత్రి పావుగంట చాలు. ఫోన్ పక్కన పెట్టేయండి. సెలవు రోజు బండి దగ్గర చిల్లర లెక్క వాడికి అప్పగించండి. ప్లేటు ముప్పై అయితే వందకు ఎంత తిరిగివ్వాలో తెలుగులోనే అడగండి. లెక్క ఏ భాషలో చేసినా లెక్కే. బిహార్, రాజస్థాన్ పల్లెల్లో పెద్దగా చదువులేని తల్లులకు అక్షరాలు నేర్పి, పిల్లలతో ఇంట్లో చేయించాల్సిన పనులు చెప్పి చూశారు. పిల్లల లెక్కలు కొంత మెరుగయ్యాయి. కొంతే, కానీ మెరుగయ్యాయి. మీరు పదో తరగతి చదివినవారు!

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ముందు బోర్డు మీది అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో కళ్లు చూపించండి. ఆ తర్వాత టీచరుగారిని కలిసి, వాడు ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నాడో అడగండి. "వెనకబడ్డాడు" అనే ఒక్క మాటతో మీరేం చేయగలరు?

మీది ప్రభుత్వ బడి అయితే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీటింగ్ మీ బండి వేళకే పెడుతుంటే మధ్యాహ్నానికి మార్చమని గట్టిగా అడగండి. తెలుగు తల్లులు మీ వీధిలో ఇంకా ఉండే ఉంటారు, వాళ్లనీ తీసుకెళ్లండి.