న్యాయ సలహా: మనవణ్ణి చూడటానికా, చూసుకోవడానికా?

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నాకు 69, మా ఆవిడకు 64. కూకట్‌పల్లిలో ఉంటాం. అబ్బాయికి డాలస్‌లో ఉద్యోగం. మా ఇద్దరి అమెరికా విజిటర్ వీసాల పదేళ్ల గడువు పోయిన నెలతో అయిపోయింది. 2023లో వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఇచ్చారు. కోడలికి ఒంట్లో బాగోక అబ్బాయి ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాడు. దానికి జవాబు రాకముందే, ఆరు నెలలు దాటిన ఏడు వారాలకు తిరిగొచ్చేశాం. ఇంకో సంగతి. న్యూజెర్సీలో సిటిజన్ అయిన మా బావమరిది 2018లో వాళ్ల అక్క పేరు మీద గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేశాడు. అమీర్‌పేటలో ఓ కన్సల్టెంటు "ఫారంలో పిటిషన్ ఉందా అన్న ప్రశ్నకి నో పెట్టేద్దాం సార్, ఇది రెన్యువలే కదా, ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పోతుంది, ఎవరూ అడగరు" అంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మాస్టారూ, ముందు ఆ 'నో' సంగతి తేలుద్దాం. మిగతావన్నీ సర్దుకునేవే, అదొక్కటి సర్దుకోదు.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని సూటిగా అడుగుతారు. మీ బావమరిది వేశారు. ఆ పిటిషన్ తీసుకున్నదీ అమెరికా ప్రభుత్వమే, ఇప్పుడు వీసా ఇవ్వాల్సిందీ ఆ ప్రభుత్వమే. వాళ్ల దగ్గరున్న కాగితాన్ని వాళ్లకే లేదని చెప్పడం ఏం తెలివి? తెలిసి 'నో' పెడితే అబద్ధంతో వీసా తెచ్చుకునే ప్రయత్నం కిందికి వస్తుంది. వాళ్ల ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 212(ఎ)(6)(సి) ప్రకారం దానికి ఏడాదో రెండేళ్లో కాదు, జీవితకాల నిషేధం. రేపు ఆ గ్రీన్‌కార్డు వంతు వచ్చినా అదే అడ్డుపడుతుంది. మినహాయింపులు లేకపోలేదు గానీ, వాటి వెంట తిరగడం ఈ వయసులో మీరు పడాల్సిన పాట్లు కావు.

'యెస్' పెడితే వీసా రాదన్న భయం సగమే నిజం. సెక్షన్ 214(బి) ప్రకారం, విజిటర్ వీసా అడిగేవారంతా అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని అధికారి ముందే అనుకోవాలి. కాదని ఒప్పించాల్సిన భారం మీది. పిటిషన్ ఉంటే ఆ భారం కొంచెం పెరుగుతుంది, అంతే. తోబుట్టువుల కోటాలో మనవాళ్ల క్యూ ఇంకా 2006 ప్రాంతంలో వేసినవాళ్ల దగ్గరే ఈడుస్తోంది. 2018 వాళ్ల వంతు కనుచూపు మేరలో లేదు. పైగా ఆ పిటిషన్ పెండింగ్‌లో ఉండగానే మీరిద్దరూ 2023లో వెళ్లి, ఇంటికి తిరిగొచ్చారు. మీ తరఫున నేను వాదించాల్సి వస్తే మొదట చెప్పే మాట అదే. 'యెస్' పెట్టగానే వివరణకి ఓ గడి తెరుచుకుంటుంది. తమ్ముడు 2018లో పిటిషన్ వేశాడు, పెండింగ్‌లో ఉంది, ఈ ప్రయాణం కొడుకు కుటుంబాన్ని చూడటానికే, ఫలానా నెలలో తిరిగొస్తాం. ఈ నాలుగు ముక్కలు చాలు. పిటిషన్ మేడం గారి పేరు మీదే ఉన్నా, భర్తగా మీరూ దాని కింద వెళ్లేవారే కనుక నేనైతే మీ ఫారంలోనూ 'యెస్' పెట్టి ఇదే రాయిస్తాను.

ఆ ఫారం చివర్లో, నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఆ గడిలో కన్సల్టెంటు గారి పేరు రాయమని అడిగి చూడండి. ధైర్యం ఎంతుందో అక్కడే తెలుస్తుంది. సంతకం బటన్ మాత్రం మీ చేత్తో మీరే నొక్కాలి, అదీ ప్రతి గడీ చదివాక.

ఇక ఆ ఏడు వారాలు. వీసా గడువు వేరు, అక్కడ ఉండే గడువు వేరు. ఉండే గడువు ఐ-94లో, అంటే అక్కడ దిగినప్పుడు మీ పేరున నమోదయ్యే ప్రవేశ రికార్డులో ఉన్న తేదీ. అది దాటి ఒక్కరోజున్నా చేతిలో ఉన్న వీసా చెల్లకుండా పోతుంది, 180 రోజులు దాటి ఉండి తిరిగొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు నిషేధం. అయితే ఆ తేదీ రాకముందే ఐ-539 ఫారంతో ఎక్స్‌టెన్షన్ అడిగి, జవాబు రాకముందే వచ్చేసినవాళ్లని అక్రమంగా ఉన్నవారిగా లెక్కగట్టరు. అంటే మీ కథంతా ఒక్క కాగితం మీద నిలబడి ఉంది: ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు అందిందని వాళ్లిచ్చే ఐ-797 రసీదు. ఈ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి అది పంపమనండి. రెండు చూడండి. దాని మీద అందుకున్న తేదీ, ఐ-94 తేదీ కంటే ముందుందా? అప్లికేషన్‌లో మీ శ్రీమతి పేరు కూడా చేర్చారా? భర్త పేరు పెట్టి భార్య పేరు మరిచిపోయిన కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది. తండ్రిగారికి ఇబ్బంది లేదు, తల్లిగారేమో గడువు దాటి ఉన్నట్టు తేలింది. గడువు దాటి ఉన్నారా అన్న గడి ఆ రసీదు చూశాకే నింపండి. పాత ప్రయాణాల వివరాల్లో ఉన్నది ఉన్నట్టు ఏడు నెలల పైచిలుకు అనే రాయండి, రౌండు ఫిగరుగా ఆరు అనొద్దు. బోర్డింగ్ పాసులుంటే పారేయకండి.

డ్రాప్‌బాక్స్ సంగతి. చట్టంలో 'రెన్యువల్' అంటూ ఏదీ లేదు, ప్రతిసారీ కొత్త దరఖాస్తే, మనిషికి 185 డాలర్లు, వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా ఇచ్చే వెసులుబాటు చాలా తగ్గించారు, 80 ఏళ్లు వచ్చిన పెద్దవాళ్లకి ఉన్న మినహాయింపు కూడా తీసేశారు. మీ విజిటర్ వీసా రకమైన బి1/బి2కి మాత్రం పూర్తి గడువుకి ఇచ్చిన పాత వీసా ముగిసి 12 నెలలు దాటకపోతే అవకాశం మిగిలింది. మీరు అందులోకి వస్తారు, అందుకే ఆలస్యం చేయొద్దు. సిస్టం ఒప్పుకుంటే హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రంలో పాస్‌పోర్టులు ఇచ్చి రావచ్చు. కానీ పిటిషన్, ఎక్స్‌టెన్షన్ రెండూ ఉన్న ఫైలు కనుక నానక్‌రాంగూడ కాన్సులేట్‌కి పిలుస్తారనుకునే సిద్ధపడండి. పిలవడం అధికారి ఇష్టం.

అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. మంచిదే, కానీ మన తెలుగే ఒక్కోసారి మన కొంప ముంచుతుంది. నా క్లయింటు ఒకావిడ కిటికీ దగ్గర "మనవణ్ణి చూసుకోవడానికి" అన్నారట. మనకి చూడటం, చూసుకోవడం పక్కపక్క మాటలు. అవతలివారికి రెండోది ఆయాపని లాగా వినబడింది. ఆ తర్వాత పది నిమిషాలూ కోడలి ఉద్యోగం, డేకేర్ ఖర్చు మీదే ప్రశ్నలు. మీరు నిజంగా ఎందుకు వెళ్తున్నారో ముందు ఇంట్లో తేల్చుకోండి. కోడలు ఉద్యోగంలో చేరడానికి ఆరు నెలలు బిడ్డని మీకు అప్పగించడమే అసలు ప్లానైతే ఏ మాట వాడినా ఇబ్బందే.

కాగితాల కట్టలు మోయక్కర్లేదు. అబ్బాయి ఆహ్వాన లేఖ తప్పనిసరి కాదు, ఆయన జీతం స్లిప్పుల బలం కూడా అంత లేదు. మీ పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి పన్ను రసీదు, ఆ ఐ-797 పెట్టుకోండి. టికెట్ డబ్బు అబ్బాయిదే అయితే ఫారంలో అదే రాయండి.

పాత వీసా ఉన్న పాస్‌పోర్టు దొరకకపోతే ముందు దాన్ని వెతకండి, డ్రాప్‌బాక్స్‌కి అది కావాలి. ఇప్పటి పాస్‌పోర్టుకి ఏడాది లోపే గడువుంటే దాన్ని ముందు కొత్తది చేయించుకోండి, లేకపోతే ఐ-94 కూడా పాస్‌పోర్టు గడువు దాకానే ఇవ్వొచ్చు. ఈసారి దిగిన రోజే అబ్బాయి చేత ఇద్దరి ఐ-94లూ డౌన్‌లోడ్ చేయించి, ఆ తేదీ చూశాకే రిటర్న్ టికెట్ ఖాయం చేసుకోండి.