అడగండి చెప్తా: బొగ్గుబాయి టీం, కంగారూ టీం

(ఈసారి ఉత్తరాలన్నీ చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల నుంచే వచ్చినయి, అన్నీ ఫుట్‌బాలే. క్రికెట్ వాళ్ళు ఒక వారం ఓపిక పట్టాలె.)

ప్రశ్న: అన్నా, మా బాపు డబ్ల్యూసీఎల్ (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) బొగ్గుబాయిల అండర్‌గ్రౌండ్ చేసి రిటైరయిండు. మొన్న స్కోర్ యాప్ చూస్తుంటే బానిక్ ఓస్ట్రవా అని ఒక టీం కనబడ్డది, బొగ్గుబాయి కార్మికుల క్లబ్ అని రాసిండ్రు. నిజమేనా? బాయిలు బంద్ అయినంక క్లబ్ ఎట్ల నడుస్తున్నది? (బల్లార్షా నుంచి ఒక తమ్ముడు)

జవాబు: నిజమే తమ్మీ, పేరుకు పెట్టుకున్నది కాదు, పుట్టుకే అది. ఓస్ట్రవా చెక్ దేశంల తూర్పు దిక్కు, పోలండ్ బార్డర్ పక్కన ఉన్న ఊరు, కింద బొగ్గు, పైన విట్కోవిత్సె ఉక్కు ఫ్యాక్టరీ. 1922ల అక్కడి వాళ్ళు, ఎక్కువమంది బాయిల పనిచేసేటోళ్ళే, స్లెజ్‌స్కా ఓస్ట్రవా అనే పేరుతోటి క్లబ్ పెట్టుకున్నరు. తర్వాత కమ్యూనిస్టు సర్కారు వచ్చి క్లబ్బులన్నిటినీ ఏదో ఒక సంస్థకు కట్టేసింది. ఆర్మీకి ఒకటి, ఫ్యాక్టరీకి ఒకటి, గట్ల బొగ్గు కంపెనీ వాటాకు ఇది వచ్చింది, 1952ల బానిక్, అంటే గని కార్మికుడు, అని పేరు మార్చిండ్రు. అప్పుడు ప్రొఫెషనల్ ప్లేయర్ అనే మాటే కాగితం మీద ఉండకపోయేది, ప్లేయర్ అంటే కంపెనీల నౌకరీ ఉన్నోడు, జీతం మస్టర్ల మీద, పని మాత్రం గ్రౌండ్ల. మన దగ్గర స్పోర్ట్స్ కోటాల నౌకరీ వచ్చినోళ్ళను చూసినోళ్ళకు ఇది కొత్తగా ఏం అనిపించదు.

1959ల బజాలి అనే సొంత గ్రౌండ్ కట్టుకున్నరు, ఊర్ల స్లెజ్‌స్కా ఓస్ట్రవా అనే పేటలనే, గుట్ట వాలు మీద. అక్కడ మ్యాచ్ అంటే బయటి టీమ్‌లకు భయం, షిఫ్ట్ దిగినోళ్ళు సీదా స్టేడియంకే పోయేది. అసలు వైభోగం 1970లల, 80ల మొదట్ల. 1976ల మొదటిసారి చెకోస్లొవేకియా (చెక్, స్లొవాక్ కలిసి ఉన్నప్పటి దేశం) లీగ్ గెలిచిండ్రు, మళ్ళ ఎవ్జెన్ హదమ్‌చిక్ అనే కోచ్ చేతికింద 1980, 1981 రెండేండ్లు వరుసగా. రాజధాని ప్రాగ్‌ల స్పార్టా, స్లావియా, ఆర్మీ టీం దుక్లా, ఇంతమంది పెద్దోళ్ళు ఉండంగ ఒక బొగ్గు ఊరు రెండుసార్లు వరుసగ కొట్టిందంటే మామూలు సంగతి కాదు. బయట కూడ బాగనే ఆడిండ్రు, 1979ల కప్ విన్నర్స్ కప్ (యూరప్‌ల దేశాల కప్పులు గెలిచినోళ్ళ టోర్నీ) సెమీఫైనల్ దాకా పోయి జర్మనీ టీం ఫోర్తునా డ్యుసెల్‌డోర్ఫ్ చేతుల ఓడిండ్రు, ఇంకో రెండేండ్లకు యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) క్వార్టర్ ఫైనల్ల బయర్న్ మ్యునిక్ అడ్డం తగిలింది, అక్కడ ఆట ముగిసింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌ల చెకోస్లొవేకియా బంగారు పతకం కొట్టినప్పుడు ఆ జట్టుల బానిక్ పిలగాండ్లు ఉన్నరు.

ఇగ నీ అసలు ప్రశ్న. 1989ల సర్కారు మారింది, నష్టాల బాయిలు ఒక్కొక్కటే మూసుకుంట పోయిండ్రు, 1994ల ఓస్ట్రవా ఊరి లోపల బొగ్గు తవ్వుడు బందే అయింది, దూరం కర్వినా దిక్కు మాత్రం ఇంకొన్నేండ్లు నడిచినయి. 1998ల విట్కోవిత్సె బ్లాస్ట్ ఫర్నేస్ కూడ చల్లారింది, ఇప్పుడు ఆ ఫర్నేసులల్ల మ్యూజియం, పాటల పండుగలు! బెల్లంపల్లి చూసినోళ్ళకు మూతపడ్డ బాయి సంగతి నేను చెప్పెడిది లేదు. క్లబ్‌కు ఏమైందంటే, కంపెనీ జేబు పోయి ఓనర్ల జేబు వచ్చింది, ఓనర్ మంచోడైతే టీం లేస్తది, లేకపోతే కింద పడతది, నా లెక్కల ఆ క్లబ్ ముప్పై ఏండ్ల కథ అంతా ఇంతే. 2004ల నాలుగోసారి లీగ్ కొట్టిండ్రు, హైన్జ్ అనే ఫార్వర్డ్ ఆ ఏడు లీగ్ టాప్ స్కోరర్. మరుసటి ఏడు చెక్ కప్. తర్వాత డబ్బుల కష్టాలు, పాత బజాలి లీగ్ రూల్స్‌కు సరిపోక 2015ల విట్కోవిత్సె మున్సిపల్ స్టేడియంకు మారిండ్రు, ఆ సీజన్లనే రెండో డివిజన్‌కు పడిపోయిండ్రు. ఒక్క ఏడాదిల తిరిగి ఎక్కిండ్రు గనీ సొంత గుట్ట వదిలి పోవుడు ఫ్యాన్స్‌కు ఇప్పటికీ మింగుడు పడలే. 2024-25ల మూడో స్థానంల వచ్చిండ్రు, అంటే చచ్చిపోలేదు, ఎగిరి పడతలేదు.

ఫ్యాన్స్ సంగతి ఒకటి చెప్పాలె. బార్డర్ అవతల పోలండ్ల కటోవిత్సె అనే ఇంకో బొగ్గు ఊరు ఉన్నది, అక్కడి జీకేఎస్ క్లబ్ ఫ్యాన్స్‌కూ వీళ్ళకూ మస్తు దోస్తీ, ఒకళ్ళ మ్యాచ్‌కు ఒకళ్ళు పోతరు. బానిక్ నుంచి వచ్చినోళ్ళల్ల నీకు తెలిసిన పేరు మిలన్ బరోష్, 2004 యూరో కప్‌ల 5 గోల్స్‌తోటి టాప్ స్కోరర్, మరుసటి ఏడు ఇస్తాంబుల్ల లివర్‌పూల్ ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టుల ఉన్నడు. ఆఖరికి బానిక్‌కే వచ్చి 2020ల ఆట మానిండు.

ప్రశ్న: సార్, పెనాల్టీల బాల్‌ను మెల్లగ పైకి లేపి మధ్యల వేస్తరు గదా, పనెంకా అంటరు. ఆ పనెంకా ఎవరు? ఆయన క్లబ్ గుర్తు మీద కంగారూ ఎందుకున్నది? (సిరొంచ నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్)

జవాబు: అంటోనిన్ పనెంకా, ప్రాగ్‌ల బొహెమియన్స్ క్లబ్ ప్లేయర్. 1976 జూన్ 20, బెల్‌గ్రేడ్, యూరో కప్ ఫైనల్, చెకోస్లొవేకియా, పశ్చిమ జర్మనీ 2-2, షూటౌట్ల జర్మనీ హెనెస్ బాల్‌ను బార్ మీదికెళ్ళి కొట్టేసిండు, ఇగ పనెంకా వేస్తే కప్పు. గోల్‌కీపర్ సెప్ మాయర్ ఒక దిక్కు దూకిండు, ఈయన మధ్యల ఊరికె అట్ల తోసిండు. ఫైనల్ల గది చెయ్యాలంటే ధైర్యం అనాల్నో పిచ్చి అనాల్నో!

కంగారూ కథ 1927ది, ఆ టీం ఆస్ట్రేలియా టూర్ పోయినప్పుడు అక్కడోళ్ళు బతికున్న కంగారూలను కానుక ఇచ్చి పంపిండ్రు, అప్పటినుంచి అదే గుర్తు. లీగ్ ఒక్కసారే గెలిచిండ్రు, 1983ల, అప్పటి కోచ్ తొమాష్ పోస్పీఖల్. పైన చెప్పిన బానిక్‌ల ఆడినోడే ఆయన, 1962 వరల్డ్ కప్ ఫైనల్ల బ్రెజిల్ మీద కూడ ఆడిండు. 2005ల అప్పులతోటి క్లబ్ మూతపడే దాకా వస్తే ఫ్యాన్స్ చందాలేసి నిలబెట్టుకున్నరు.

ప్రశ్న: మన దగ్గర గసొంటి కార్మికుల క్లబ్ ఎందుకు లేదన్నా? (ఘుగ్గుస్ నుంచి)

జవాబు: సంస్థల టీమ్‌లు మనకు లేకనా? హైదరాబాద్ సిటీ పోలీస్ టీం, రహీం సాబ్ కోచింగ్ల 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదుసార్లు బొంబాయిల జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టింది. పంజాబ్ల జేసీటీ మిల్లు టీం, బొంబాయిల మహీంద్రా యునైటెడ్ ఉండె. మహీంద్రా 2010ల, జేసీటీ 2011ల మూసేసిండ్రు, యాజమాన్యం వద్దనుకుంటే అడిగెటోడు లేడు. మన టీం వెనక కంపెనీ ఉంటది గనీ టికెట్ కొని గొంతు పోయేటట్టు అరిచే ఊరు ఉండదు, నాకు తెలిసిన తేడా గదే.

ప్రశ్న: బానిక్ మ్యాచ్ మనకు ఎన్ని గంటలకు అయితది?

జవాబు: వాళ్ళ ఎండాకాలంల మనకంటే మూడున్నర గంటలు, వాళ్ళ చలికాలంల నాలుగున్నర గంటలు వెనక ఉంటరు. అక్కడ ఆరింటికి మొదలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర, లేకపోతే పదిన్నర. ఫస్ట్ షిఫ్ట్ ఉన్నోళ్ళు మాత్రం మర్నాడు స్కోర్ చూసుకొనుడు మేలు.