అడుగు అరగకముందే అయిపోయే షూ

జయనగరం, బెంగళూరు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో బస్సు కోసం తప్ప పరుగెత్తిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను, ఇప్పుడు ఇద్దరమయ్యామని పొంగిపోయాను. అయితే అదే నోటితో, రెండు వారాలుగా నీ కాలు లాగుతోందనీ, బామ్ రాసుకుని పరుగుకు పోతున్నావనీ కూడా చెప్పింది. ఈ ఉత్తరం ఆ రెండో మాట గురించే.

నీళ్లు, నిద్ర, దూరాన్ని వారానికి కాస్త కాస్తగా పెంచడం, ఇవన్నీ నీకు తెలుసు.

నీకు తెలియనిది నా నలభై తొమ్మిదో ఏటి సంగతి. లాల్‌బాగ్‌లో పరుగు మొదలుపెట్టిన రోజు కొన్న షూనే రెండేళ్ల తరువాత కూడా వాడుతున్నాను. అడుగున గీతలు చెరగలేదు, పైగుడ్డ ఎక్కడా చిరగలేదు. తెగిన చెప్పును కుట్టించుకుని మళ్లీ తొడుక్కున్న ఇంట్లో పెరిగినదాన్ని కనుక, నిక్షేపంలా ఉన్న షూను మార్చడం దుబారా అనుకున్నాను. అంతలో కుడి మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర నొప్పి మొదలైంది. మొదటి కిలోమీటరులో ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గిపోయేది. నెల తిరిగేసరికి ఆ జానెడు నొప్పి బొటనవేలితో మూయగలిగినంత చోటికి చేరింది. నేనేమో నొప్పి తగ్గుముఖం పట్టిందని సంబరపడి, నొప్పి బిళ్ల వేసుకుని మరీ పరుగెత్తాను. ఒక ఆదివారం లాల్‌బాగ్ బండ మీద నుంచి దిగుతుండగా కుడికాలు నేల మీద మోపలేకపోయాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎముకలో పడే ఇటువంటి సన్నని పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేకు చాలాసార్లు దొరకదట. ఎమ్మారై తీశాక బయటపడింది. ఎనిమిది వారాలు మంచం, కుర్చీ తప్ప మరొకటి ఎరగను. డెబ్బై ఎనిమిదేళ్ల మీ అమ్మమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతిలో వణుకుతున్న కాఫీ గ్లాసుతో నా గదికి నడిచి వచ్చేది. కాలి నొప్పి మరిచిపోయాను గానీ ఆ గ్లాసును మరిచిపోలేదు.

నాకు నడక మళ్లీ నేర్పిన ఫిజియోథెరపిస్టు ఆ షూను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడమన్నారు. కుడిది వాననీటికి నానిన గోడలా లోపలివైపు ఒరిగి ఉంది. రబ్బరు అడుగుకు పైన ఉండే మెత్తటి ఫోమ్ పొర పక్కల్లో అడ్డంగా ముడతలు పడ్డాయి, బొటనవేలితో నొక్కితే చపాతీపీటను నొక్కినట్టుంది. ఆ ఫోమ్‌లోని సన్నని గాలి గదులు వేల అడుగుల కింద నలిగి, మళ్లీ పొంగే గుణం పోగొట్టుకుంటాయి. అడుగు రబ్బరు మాత్రం ఏమీ ఎరగనట్టు బాగానే కనబడుతుంది. తప్పంతా షూ మీదకు నెట్టను. ఆ నెలలోనే దూరాన్ని రెట్టింపు చేశాను, పైగా నెలసరి ఆగిపోయే వయసు, ఎముక పలచబడే కాలం.

సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. బరువును బట్టి, పరుగెత్తే నేలను బట్టి ముందో వెనకో కావచ్చు. వారానికి 25 కిలోమీటర్ల చొప్పున నీకు 20 వారాలకే 500 పూర్తవుతాయి, కనుక కొన్న తేదీని షూ నాలుక మీద పెన్నుతో రాసి పెట్టుకో. కొత్త జతను సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బిన వేళ కొను. పాతదానితో మార్చి మార్చి రెండు వారాలు తొడుక్కున్నాకే దూరం పో. పోటీ రోజున కొత్తది విప్పావని తెలిస్తే ముగింపు గీత దగ్గరే తిడతాను.

ఇక నీ కాలు. ఎముక వెంట పొడుగ్గా లాగుతుంటే పరుగు తగ్గించి, విశ్రాంతి ఇచ్చి చూడు. వేలితో చూపించగలిగే ఒక్క చోట నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే కలుక్కుమన్నా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతున్నా పరుగు ఆపి ఎముకల డాక్టరును చూడు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మరునాటి దాకా ఆగవద్దు. రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. పరుగుకు ముందు నొప్పి బిళ్ల వద్దే వద్దు, తల్లీ. కాలు చెప్పే కబురును మనమే నోరు నొక్కినట్టవుతుంది.

ఇంకొక మాట, మీ అమ్మ అడగడానికి మొహమాటపడింది కనుక నేనే అడుగుతున్నాను. నెలసరి సక్రమంగా వస్తోందా? సన్నబడాలని రాత్రి అన్నం మానేస్తున్నావా? తిండి చాలక నెలసరి తప్పితే ఇరవై ఐదేళ్లకే ఎముక నా ఎముకలా అవుతుంది.

ఆదివారం నీ షూ సంచిలో వేసుకుని మా ఇంటికి రా. బల్ల మీద కాగితం పరిచి ఉంచుతాను.

నీ పెద్దమ్మ