ముందు ఆ సుత్తి తీసెయ్

అమ్మాయ్,

నీ కథ శనివారం చేరింది. సుప్రీంకోర్టులో జడ్జిగారు సుత్తితో బల్ల మీద కొట్టి "ఆర్డర్ ఆర్డర్" అన్నారని రాసిన చోట కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. గుంటూరు కోర్టు దగ్గర చిన్న కొట్లో తొమ్మిదేళ్లు టైపు కొట్టినదాన్ని, ఖాళీ దొరికితే లోపలికెళ్లి వాదనలు వినేదాన్ని, సుత్తి ఒక్కనాడూ కనపళ్లేదు. అది సినిమాల్లోదమ్మా.

సరే, సుత్తి పోనీ. చివర్లో మహిళా రిజర్వేషన్ కేసు నీ లాయరమ్మ గెలిచేసింది, బయట చప్పట్లు. ఏం గెలిచిందసలు? 2023లో ఆ రిజర్వేషన్ చట్టానికి లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరే కాదన్నారు, రాజ్యసభలో ఆ ఇద్దరు కూడా లేరు. లోక్‌సభలోనూ అసెంబ్లీల్లోనూ మూడోవంతు సీట్లు ఆడవాళ్లకిస్తామన్న చట్టం, ఇస్తామంటూనే కొత్త జనగణన జరిగి, దాన్నిబట్టి నియోజకవర్గాల పునర్విభజన అయిన తర్వాత అంది. పిటిషన్ ఆ "తర్వాత" మీదే. ఆ ముక్క కొట్టేసి 2024 ఎన్నికలకే అమలు చేయించమంటే, అలా కొట్టేయడం చాలా కష్టమని సుప్రీంకోర్టు 2023 నవంబరులోనే అంది. కథంతా ఆ ఒక్క మాటలో ఉంటే నువ్వు దాన్ని ముట్టుకోనేలేదు.

కెన్యా వాళ్లనే చూడు. ఎన్నికైన సభల్లో మగవాళ్లయినా ఆడవాళ్లయినా మూడింట రెండు వంతులు మించకూడదని 2010లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఒక్కసారిగా కాదులే, 2015 ఆగస్టు లోపు చట్టం చేయండని 2012లో వాళ్ల సుప్రీంకోర్టు గడువిచ్చింది. చేయలేదు. 2020లో ప్రధాన న్యాయమూర్తి ఏకంగా పార్లమెంటునే రద్దు చేయమని అధ్యక్షుడికి రాశారు. అదీ జరగలేదు!

కోర్టు కథలో తీర్పు కాదు, వాయిదా రాయాలి. ఎవరొప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా మాట ఇదే. తెనాలి వైపు నుంచి ఒకావిడ పొలం దావాకి ప్రతి వాయిదాకీ టిఫిన్ డబ్బాతో వచ్చేది, కేసు పిలిచే లోపు తింటే అరిష్టమని డబ్బా మూత తీసేది కాదు. ఆవిడ మీదే నా మొదటి కథ. బెజవాడలో ఒక ఎడిటరు గారు తిప్పి పంపారు, తీర్పొస్తే తప్ప పాఠకుడి టెన్షన్ తీరదట. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రంలో ఆవిణ్ని గెలిపించేశాను. వేశారు. ఆ సంచిక ఇప్పటికీ తెరవలేను. ఇప్పటి వాళ్లు అదే రోగానికి "పాజిటివ్" అని పేరు పెట్టారు.

మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే కదా, ఆ సర్పంచి సంతకం పెడుతుంటే రబ్బరు స్టాంపు మొగుడి చొక్కా జేబులో ఉందని పదకొండో పేజీలో రాశావు చూడు, అక్కడ కాసేపు కదల్లేకపోయాను. దాన్ని మొదటి పేజీకి తీసుకురా. ఈసారి పెద్దక్షరాల్లో ప్రింటు తియ్యి, నాకు కళ్లు ఆనడం లేదు.